ఆటల సమీక్షల సారం రాయడం – 4వ పాఠం: 60 మార్కులంటే ఫస్ట్ క్లాస్ కాదు

‘ఘోస్ట్ రీకాన్ బ్రేక్‌పాయింట్’ అనే సైనిక పోరాట వీడియో గేమ్‌ను విమర్శకులు ఎలా చూశారో ఒక పేరాలో రాసి పంపమని పోయిన పాఠంలో అడిగాను. వచ్చిన వాటిలో సగానికి పైగా ఒకే వాక్యంతో మొదలయ్యాయి: “ఈ ఆటకు మిశ్రమ స్పందన లభించింది.” తప్పు నాదే. మార్కులు పోగుచేయమన్నాను కానీ, వాటితో ఏం చేయాలో చెప్పలేదు. అందువల్ల ఈ వారం అనుకున్న పాఠాన్ని పక్కన పెట్టి, చెడగొట్టినదాన్ని బాగుచేసుకుందాం.

ముందు చిన్న పొరపాట్లు. కొందరు కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోని శాతాన్ని తెచ్చి “విడుదలైనప్పుడు ఇన్ని మార్కులు వచ్చాయి” అని రాశారు. ఈ ఆట 2019 అక్టోబరు 4న విడుదలైంది. స్టీమ్‌లోకి వచ్చింది 2023 జనవరిలో. అక్కడి అభిప్రాయాలన్నీ మూడేళ్లు గడిచి, మరమ్మతులు జరిగాక వచ్చినవి. పైగా స్టీమ్ శాతం మార్కు కాదు, ఎంతమంది ‘ఆడవచ్చు’ అన్నారో చెప్పే లెక్క. ఇంకొందరు పది సమీక్షల మార్కులు కూడి పదితో భాగించారు. పత్రికల మార్కులన్నీ ఒకచోట చేర్చే సైటు మెటాక్రిటిక్ తీసేది అలాంటి సగటు కాదు. ఒక్కో పత్రికకు ఒక్కో బరువు ఉంటుంది, ఆ బరువు ఎంతో ఆ సైటు బయటపెట్టదు. మీ లెక్క వాళ్ల లెక్కతో కలవకపోతే కంగారు పడకండి.

ఇక ‘మిశ్రమం’. ఈ మాట మీద నాకు పాత పగ ఉంది, కాస్త ఓపిక పట్టండి.

మెటాక్రిటిక్ ఆటలకు 75 నుంచి పైకి ఆకుపచ్చ, 50 నుంచి 74 వరకు పసుపు, ఆ కిందకు ఎరుపు రంగు వేస్తుంది. పసుపు మొత్తానికీ ‘మిశ్రమం లేదా సగటు’ అనే ఒకే చీటీ అంటిస్తుంది. ఆ ‘లేదా’ను మీరు వదిలేశారు. సినిమా విడుదలైన రోజు సాయంత్రం మనమే ‘డివైడ్ టాక్’ అని ఒక మాట, ‘యావరేజ్’ అని ఇంకో మాట వాడతాం కదా! మొదటిదాంట్లో హాలు రెండుగా చీలుతుంది. రెండోదాంట్లో అందరూ ఒకే ముఖంతో బయటికి వస్తారు. ఒక ఆటకు 90, 85, 35, 30 వచ్చాయనుకోండి, సగటు 60. ఇంకో ఆటకు 62, 60, 60, 58 వచ్చినా సగటు 60. మొదటిది గొడవ, రెండోది ఆవులింత. రెండింటికీ మీరు రాసేది ‘మిశ్రమ స్పందన’.

బ్రేక్‌పాయింట్ మార్కు 60 చుట్టుపక్కల తిరిగింది. దానికి ముందు భాగమైన ‘వైల్డ్‌ల్యాండ్స్’ (2017) ప్లేస్టేషన్ 4 కూర్పుకు 70 దగ్గర వచ్చింది. రెండూ పసుపే, చీటీ కూడా ఒకటే. కానీ బ్రేక్‌పాయింట్ వచ్చిన అదే నెలలో దాన్ని తీసిన యూబీసాఫ్ట్ సంస్థ అధినేత ఈవ్ గిల్మో దాని సమీక్షలూ అమ్మకాలూ నిరాశపరిచాయని ఒప్పుకుని, ‘వాచ్ డాగ్స్: లీజియన్’ సహా మూడు పెద్ద ఆటలను వాయిదా వేశారు. మీ పేరా చదివినవాడికి ఈ తేడా అందుతుందా? 35 వస్తే పాస్, 60 వస్తే ఫస్ట్ క్లాస్ అనే లెక్కలో పెరిగినవాళ్లం మనం. వెబ్‌సైట్లలో ఐదుకి 2.75 చూసి ‘ఒకసారి చూడవచ్చు’ అనుకోవడం కూడా అలవాటే. పెద్ద సంస్థ తీసిన ఆటకు 60 అంటే ఆ లెక్క పనిచేయదు. అక్కడ 60 అంటే పెద్దల ముందు తల దించుకోవడం.

మరి ఏం రాయాలి? విమర్శకులు ఎక్కడ ఏకమయ్యారో రాయాలి. బ్రేక్‌పాయింట్ విషయంలో చీలిక పెద్దగా లేదు. తుపాకీ చేతికి అందే తీరు, కథ జరిగే విశాలమైన అరోవా దీవులు చాలామందికి నచ్చాయి. తిట్లన్నీ దాదాపు ఒకే చోట పడ్డాయి: ఇది ఏ రకం ఆటో దీనికే తెలియదని. ఆయుధాలకూ దుస్తులకూ అంకెల స్థాయిలు పెట్టారు. కానీ మామూలు సైనికుడి తలకు గురి కుదిరితే అంకెతో పని లేకుండా పడిపోతాడు. ఇక ఆ అంకెలు ఎందుకు? పెద్ద అంకె కనబడిన ప్రతిసారీ టోపీ మార్చుకోవడానికి. కథేమో నువ్వు శత్రువుల మధ్య చిక్కుకున్న ఒంటరివాడివి అంటుంది. ఎరెవాన్ అనే స్థావరంలోకి అడుగుపెడితే అలాంటి ‘ఒంటరివాళ్లు’ సంతలోలా తిరుగుతుంటారు. వైల్డ్‌ల్యాండ్స్‌లో వెంట ఉన్న కంప్యూటర్ నడిపే సహచరులను తీసేశారు, ఇంటర్నెట్ లేకుండా ఆడనివ్వలేదు, లోపాలకు లెక్కలేదు. నాకు వ్యూహాత్మక ఆటలో ఈ అంకెల గోల పొసగదు, కాబట్టి ఈ పేరా చదివేటప్పుడు నన్ను కాస్త అనుమానించండి.

రెండో భాగం మీద తీర్పులో సగం మొదటి భాగం మీద తీర్పే. “వైల్డ్‌ల్యాండ్స్‌లో ఉన్నది ఇందులో లేదు” అనే మాట ఎన్ని సమీక్షల్లో వచ్చిందో లెక్కపెట్టండి.

తేదీ తప్పనిసరి. 2020 మార్చిలో ఆ అంకెలను ఆపేసుకునే వీలు ఇచ్చారు, జులైలో సహచరులను తిరిగి తెచ్చారు. 2019లో వచ్చిన సమీక్షను, 2021లో మళ్లీ ఆడి రాసిన వ్యాసాన్ని ఒకే వాక్యంలో కలిపితే రెండూ అబద్ధమవుతాయి.

నా అడ్డదారి ఒకటి: అన్నిటికన్నా తక్కువ మార్కు ఇచ్చిన సమీక్షను ముందు చదువుతాను, తర్వాత అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చినదాన్ని. ఇద్దరూ ఒకే లోపాన్ని ఎత్తిచూపితే అదే నా పేరాలో మొదటి వాక్యం.

అభ్యాసం. ఈసారి కష్టమే. 2001 నాటి సైనిక ఆట ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’ను తయారుచేసిన చెక్ సంస్థ బొహీమియా, ప్రచురించిన బ్రిటిష్ సంస్థ కోడ్‌మాస్టర్స్ తర్వాత విడిపోయాయి. పేరు ప్రచురణకర్త దగ్గరే ఉండిపోయింది. 2009లో కోడ్‌మాస్టర్స్ ఆ పేరుతోనే ‘డ్రాగన్ రైజింగ్’ తెచ్చింది, బొహీమియా 225 చదరపు కిలోమీటర్ల చెర్నారుస్ అనే కల్పిత నేలతో ‘ఆర్మా 2’ తెచ్చింది. రెండింటికీ 70 దాటి, 80 లోపే వచ్చాయి. ఒక్కోదానికి 2009లో వచ్చిన ఆరేసి సమీక్షలు చదివి, రెండు పేరాలు రాయండి. అంకెలు వాడకూడదు. ‘మిశ్రమం’ అసలే వాడకూడదు. ఆటల పేర్లు కొట్టేసి ఇంట్లో ఎవరికైనా చూపించండి. రెండు పేరాలూ ఒకే ఆట గురించి అని వాళ్లకు అనిపిస్తే నాకు పంపవద్దు, మళ్లీ రాయండి.