చక్రాలా, ట్రాకులా: నగర పోరుకు కవచ వాహనాన్ని బేరీజు వేయడం ఎలా?

నగరంలో జరిగే పోరుకు ఏ కవచ వాహనం తగినదో తేల్చేటప్పుడు, వేగం, ధర వంటి అంకెల జోలికి పోకముందే, అక్కడి వీధి ఇంకా వీధిగానే ఉందా, శిథిలాల గుట్టగా మారిపోయిందా అన్నది చూడాలి.

రోడ్డు చెక్కుచెదరనంతవరకు చక్రాలదే పైచేయి. అమెరికా సైన్యం 2003 చివర్లో ఇరాక్‌కు పంపిన ఎనిమిది చక్రాల స్ట్రైకర్ గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. ట్రాకుల (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాల) మోత ఉండదు గనుక పెద్దగా చప్పుడు లేకుండా వీధి మలుపు దాకా రాగలదు.

గోడలు కూలి, కాంక్రీటు పెళ్లలు, పొడుచుకొచ్చిన ఇనుప ఊచలు దారికి అడ్డంపడ్డాక లెక్క మారుతుంది. ట్రాకు బరువును నేలమీద విస్తారంగా పరుస్తుంది కాబట్టి అలాంటి గుట్టను ఎక్కి దిగగలదు. పైగా చాలా ట్రాకు వాహనాలు ఒక ట్రాకును ముందుకూ రెండోదాన్ని వెనక్కూ తిప్పి ఉన్నచోటనే మళ్లగలవు; ఇరుకు సందులో చక్రాల వాహనం ముందుకూ వెనక్కూ జరుగుతూ తిరగవలసి వస్తుంది, మాటు వేసినవారికి ఆ వ్యవధి చాలు. అయితే ఒకటి రెండు టైర్లు పోయినా ఎనిమిది చక్రాల బండి మెల్లగా బయటపడవచ్చు గాని, ట్రాకు తెగిన బండి అక్కడే నిలిచిపోతుంది.

కవచం సంగతి విడిగా చూడాలి. ట్రాకులు ఎక్కువ బరువు మోస్తాయన్నది నిజమే. మెర్కావా ట్యాంకు చట్రంపై ఇజ్రాయెల్ నిర్మించిన నమేర్ అనే సైనిక రవాణా వాహనం బరువు సుమారు 60 టన్నులు. కానీ 2014లో గాజాలోని షుజాయియాలో దాడికి గురైన ఇజ్రాయెల్ సైనిక రవాణా వాహనం ఎం113 కూడా ట్రాకు వాహనమే, దాని పలుచని కవచం అందులోని ఏడుగురు సైనికులను కాపాడలేకపోయింది. స్ట్రైకర్‌కు రాకెట్ల నుంచి రక్షణగా బిగించిన ఇనుప చువ్వల పంజరం బరువుతోపాటు వెడల్పునూ పెంచింది కాబట్టి, కొలతలు తీసేటప్పుడు దాన్నీ కలుపుకోవాలి.

ఫిరంగి ఎంత ఎత్తుకు లేస్తుందన్నది, నా దృష్టిలో, చక్రాల చర్చకన్నా ముఖ్యం. 1994 డిసెంబర్ 31న చెచెన్యా రాజధాని గ్రోజ్నీలోకి దూసుకెళ్లిన రష్యా ట్యాంకుల గొట్టాలు పై అంతస్తుల దాకా లేవలేదు, నేలమాళిగల వైపు వంగనూ లేదు. ఆ లోటు తీర్చడానికి గొట్టాలు బాగా పైకి లేచే విమాన విధ్వంసక వాహనాలైన షిల్కాలను వీధుల్లోకి దింపవలసి వచ్చింది.

చివరగా సైనికులు దిగే తలుపు చూడాలి. వెనుక భాగంలో ఇంజను ఉండే సోవియట్ తయారీ చక్రాల వాహనం బీటీఆర్-80 నుంచి వారు పక్క తలుపుల గుండా కాల్పులకు ఎదురుగా దిగవలసి రావచ్చు. వెనుక ర్యాంపు ఉన్న బండిలోనైతే దాని కవచమే వారికి చాటు అవుతుంది.