చెన్నైలో ఆఫీసు డేటాను టేపు మీద భద్రపరచడం ఎలా?

2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు, నేను చూసుకునే ఒక ఆఫీసులోకి మోకాళ్లు దాటి నీళ్లొచ్చాయి. సర్వరు నేల మీదే ఉంది. బ్యాకప్ టేపులు దాని పక్కనే, బీరువా అడుగు అరలో ఉన్నాయి. రెండూ కలిసి మునిగాయి. వాళ్లు బ్యాకప్ తీయని రోజు లేదు. కానీ ఒక్క టేపూ ఆ గడప దాటలేదు. అందుకే టేపు బ్యాకప్ పెట్టుకుంటామని ఎవరైనా వస్తే, తీసిన టేపు ఎక్కడ ఉంచుతారన్నదే నా మొదటి ప్రశ్న.

డ్రైవ్ కొనే ముందు

టేపు మీద రాసి, చదివే యంత్రమే డ్రైవ్. ఆఫీసుల్లో వాడే టేపు రకం పేరు ఎల్‌టీవో, పక్కనున్న అంకె దాని తరం. ముందు మీ డేటా మొత్తం ఎంతో కొలవండి. ఎల్‌టీవో-8 టేపులో 12 టీబీ, ఎల్‌టీవో-9లో 18 టీబీ పడుతుంది. టేపు మీద కనిపించే 30, 45 టీబీ అంకెలు డేటా రెండున్నర రెట్లు కుదించుకుపోతుందని వేసిన లెక్క. ఫోటోలు, వీడియోలు, జిప్ ఫైళ్లు అలా కుదించుకుపోవు. చిన్న అంకెనే నమ్మండి. పాత ఎల్‌టీవో-7 టేపులు చదవాల్సి ఉంటే ఎల్‌టీవో-8 డ్రైవ్ తీసుకోండి. ఎల్‌టీవో-9 డ్రైవ్ 8, 9 టేపులనే చదువుతుంది. చాలా డ్రైవ్‌లకు కంప్యూటర్లో డ్రైవ్‌ను కలిపే శాస్ కార్డు కావాలి, దాని ఖర్చు కూడా కలుపుకోండి. డ్రైవ్‌లో టేపును చదివే, రాసే తలను శుభ్రం చేసే క్లీనింగ్ టేపు ఒకటి తప్పనిసరి. డ్రైవ్ అడిగినప్పుడు మాత్రమే దాన్ని వాడాలి.

ముందు డిస్కు, తర్వాత టేపు

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఎల్‌టీవో-8 టేపు మీదికి డ్రైవ్ రకాన్ని బట్టి సెకనుకు 300 నుంచి 360 ఎంబీ దాకా డేటా వెళుతుంది. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్ 110 దగ్గరే ఆగిపోతుంది. డేటా అందకపోతే డ్రైవ్ కొంతవరకు వేగం తగ్గించుకుంటుంది, ఆపైన టేపును ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు నడుపుతుంది. రాత్రంతా ఇలా ముందుకూ వెనక్కూ ఆడితే టేపూ అరుగుతుంది, తలా అరుగుతుంది. కాబట్టి అన్ని కంప్యూటర్ల డేటానూ ముందు బ్యాకప్ సర్వరులోని వేగమైన డిస్కు మీదికి తెచ్చి, అక్కడి నుంచి టేపుకు ఎక్కించండి. 4 టీబీ నాలుగు గంటల్లోపే అయిపోతుంది. లెక్కలు రాసే ట్యాలీలో ఎవరూ పని చేయని వేళ చూసి కాపీ తీయండి. సాఫ్ట్‌వేర్ కొనలేకపోతే బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

తాత, తండ్రి, కొడుకు

టేపులను తిప్పే పద్ధతికి ఇదే పేరు. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు కొడుకు టేపులు, వీటిని ప్రతి వారం తిరిగి రాస్తాం. శుక్రవారాలకు అయిదు తండ్రి టేపులు, నెలకోసారి తిరిగి వాడతాం. నెలాఖరుకొకటి చొప్పున పన్నెండు తాత టేపులు. మార్చి 31 టేపును మాత్రం ఒక్కసారే రాయగలిగే వోర్మ్ రకంలో తీయండి. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు కనీసం 8 ఏళ్లు ఉంచాలి. ఆ టేపును ఎవరూ పొరపాటునైనా చెరపలేరు.

ప్రతి టేపుకూ బార్‌కోడ్ అంటించి, తేదీని ఒక నోటుపుస్తకంలో రాయండి. డేటా ఎక్కించిన వెంటనే, టేపు మీద మళ్లీ రాయకుండా ఆపే తాళం మీట జరపండి.

ఎక్కడ పెట్టాలి

రాయడం అయ్యాక టేపును డ్రైవ్‌లోంచి బయటికి తీసేయండి. డ్రైవ్‌లో లేని టేపును ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ఏ రాన్సమ్‌వేర్ కూడా ముట్టుకోలేదు. శుక్రవారం టేపు మరో పేటలో, మేడ మీద ఉండాలి. ఆఫీసు ఎక్కట్టుతాంగల్లో ఉండి, టేపు వేళచ్చేరిలో ఉంటే ప్రయోజనం లేదు, రెండూ ఒకే వానకు మునుగుతాయి. తాత టేపును ఊరు దాటించండి. మనవాళ్లలో చాలామందికి నెల్లూరు దగ్గర. కానీ 2023 మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, నెల్లూరును తడిపి, బాపట్ల దగ్గర తీరం దాటింది. నేనైతే తిరుపతికి పంపిస్తాను.

ఎక్కువ కాలం దాచాలంటే 16 నుంచి 25 డిగ్రీల చల్లదనం, 20 నుంచి 50 శాతం తేమ కావాలి. మన ఊరి గాలిలో 70 శాతం మామూలే. గట్టిగా మూతపడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, టేపులను పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. ఎండలోంచి వచ్చిన టేపును ఏసీ గదిలో ఒక రోజు ఉంచాకే డ్రైవ్‌లో పెట్టండి. అరచేతిలో ఇమిడే ఆ పెట్టెలో సుమారు కిలోమీటరు పొడవున, వెంట్రుకకన్నా పలచని రీలు ఉంటుంది. చేయి జారి కింద పడిన టేపులోని డేటాను వేరే టేపు మీదికి తీసేయండి.

తాళంచెవి, జాబితా

టేపు బయటికి వెళుతుంది కాబట్టి ఎన్‌క్రిప్షన్, అంటే తాళంచెవి లాంటి రహస్య కోడ్ లేనిదే డేటా చదవలేని ఏర్పాటు, పెట్టాల్సిందే. ఎల్‌టీవో-4 నుంచీ డ్రైవ్‌లోనే ఆ ఏర్పాటు ఉంది. కానీ తాళంచెవి సర్వరులో మాత్రమే ఉండి, ఆ సర్వరే పోతే టేపులన్నీ ఉన్నా చదవలేరు. ఆ తాళంచెవి కోడ్‌ను కాగితం మీద అచ్చువేసి, కవరులో సీలు చేసి, టేపులు లేని చోట దాచండి. ఏ ఫైలు ఏ టేపులో ఉందో చెప్పే జాబితా, అంటే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కేటలాగు, కూడా విడిగా కాపీ చేయండి. అది లేకపోయినా టేపు మొత్తం చదివించి తిరిగి కట్టవచ్చు గానీ, జీతాలివ్వాల్సిన రోజున ఆ గంటలు భరించలేరు.

తిరిగి తీసి చూడండి

నెలకోసారి బయట దాచిన టేపుల్లోంచి ఒకటి తెప్పించండి. సర్వరుతో సంబంధం లేని మరో కంప్యూటర్ మీద, కవరులోని తాళంచెవితో, ఒక ఫోల్డరును రీస్టోర్ చేయండి, అంటే టేపులోంచి తిరిగి తీయండి. ఫైలు పేరు కనబడగానే ఆగిపోకండి. ట్యాలీలో ఆ కంపెనీని తెరిచి, మొన్నటి నెల చివరి వోచరు ఉందో లేదో అకౌంట్స్ వాళ్ల చేతనే చూపించుకోండి. ఎంతసేపు పట్టిందో నోటుపుస్తకంలో రాయండి. ఏడాదికోసారి, ఈశాన్య రుతుపవనాలు దిగకముందు, సెప్టెంబరులో మొత్తం సర్వరును ఖాళీ మెషీన్ మీద లేపి చూడండి. ఆ పని మీ కంప్యూటర్ మనిషి సెలవులో ఉన్న రోజున, నోటుపుస్తకం చూసుకుంటూ మరొకరు చేయాలి.