ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల నీలిమందు

మా ఒంగోలులో కుళాయి నీళ్లు రోజూ రావు. ఓవర్‌హెడ్ ట్యాంకు మాటిమాటికీ ఖాళీ అవుతుంటే, అందరం అనుమానించేది స్నానాలనే. ముందు మరుగుదొడ్డి చూడండి.

రాత్రి పడుకునే ముందు ఫ్లష్ ట్యాంకు మూత తీసి, తెల్లబట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు కలపండి. అరగంట దాకా ఎవరూ ఫ్లష్ నొక్కకూడదు. తర్వాత బేసిన్‌లోకి నీలం చార దిగి కనిపిస్తే, ఫ్లష్ ట్యాంకు అడుగున ఉన్న రబ్బరు వాషరు పాడై నీరు కారుతున్నట్టే. మా ఇంట్లో దాని అంచు పాచి పట్టి అప్పడంలా వంకర తిరిగింది. వాషరు మారిస్తే సరిపోయింది, ట్యాంకు మొత్తం మార్చాలనే ప్లంబరు మాట వినలేదు.

చుక్కలు కారే కుళాయి కింద లీటరు చెంబు పెట్టండి. గంటలో నిండితే నెలకు 720 లీటర్లు పోతున్నట్టే. అదంతా మోటారు కరెంటుతో ఎక్కిన నీరే. సెప్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లకు అదీ తొందరగా నిండుతుంది.

తాగునీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లు బకెట్‌లో పట్టి మరుగుదొడ్డికే వాడండి. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఆర్‌ఓ వదిలే నీళ్లలో అది ఇంకా ఎక్కువ కాబట్టి వాటిని కూరపాదులకు పోయకండి.