డ్రమ్ముల ట్రాలీకి సిగ్నల్ పోతుంటే: మా దగ్గర పనిచేసిన పద్ధతి

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. పట్టాల మీద డ్రమ్ములు మోసే ట్రాలీకీ, గోడ దగ్గరి పీఎల్‌సీకీ (యంత్రాలను నడిపించే కంట్రోలర్) మధ్య రేడియో లింక్ ఉండేది. తోతాపురి సీజన్‌లో గోడౌన్ నిండా ఇనుప డ్రమ్ములు పేర్చగానే లింక్ తెగేది, ట్రాలీ దారి మధ్యలో ఆగిపోయేది. ఒకటే టెన్షన్.

ఛానెల్ మార్చడం, యాంటెనా ఎత్తడం, వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) కేబుళ్లకు షీల్డ్ వేయడం, 5 గిగాహెర్ట్జ్‌కు మారడం: ఏదీ నిలవలేదు.

కుదిరింది ఇన్‌ఫ్రారెడ్ ఆప్టికల్ లింక్‌తో, అంటే రేడియో బదులు కంటికి కనిపించని కాంతితో సిగ్నల్ పంపడం. ట్రాలీ మీద ఒక యూనిట్, పట్టాల చివర గోడ వైపు ఒకటి, ఎదురెదురుగా. అసలు పనంతా గురి కుదర్చడంలోనే ఉంది. ముందు ట్రాలీని దగ్గరికి తెచ్చి రెండు లెన్సుల ఎత్తు కలిపాను. తర్వాత దాన్ని అవతలి చివరికి పంపి, సిగ్నల్ లెవెల్ చూస్తూ గోడ వైపు యూనిట్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. దగ్గర్లో వంకర తెలియదు, దూరంలోనే బయటపడుతుంది. బోల్టులు బిగించాక సిగ్నల్ లెవెల్ మళ్లీ చూడాలి, బిగింపులోనే బ్రాకెట్ కదులుతుంది. ఆపై ట్రాలీని నిదానంగా దారంతా నడిపించాం. ఒక పట్టా అతుకు దగ్గర సిగ్నల్ లెవెల్ బాగా తగ్గింది, అతుకు సరిచేయించాం. సాయంత్రపు ఎండ లెన్సులో పడకుండా రేకు గొడుగు పెట్టాం.

లింక్ పోతే ట్రాలీని ఆపే వాచ్‌డాగ్ టైమర్‌ను మాత్రం అలాగే ఉంచాం. దాన్ని ఎవరూ తీసేయకండి, మనుషులు తిరిగే చోటు.

మాది తిన్నని దారి కాబట్టి కుదిరింది. మలుపులున్నా, ఆవిరి దట్టంగా వచ్చినా ఇది నిలుస్తుందని చెప్పలేను. పక్కపక్కనే రెండు లైన్లుంటే ఒకదాని సిగ్నల్ ఇంకోదానితో కలవకుండా వేర్వేరు ఫ్రీక్వెన్సీల యూనిట్ జతలు తీసుకోండి.