పెరట్లో షెడ్డుకు కాంక్రీట్ నేల – మూడో పాఠం: కలపడం, పోయడం, తడపడం

కిందటి రెండు పాఠాల్లో 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పుకు పురికొస కట్టి, గుంత తవ్వి, మొరం పోసి దిమ్మిసతో గట్టిపరిచాం. దాని మీద ప్లాస్టిక్ షీటు పరిచి, చుట్టూ 4 అంగుళాల ఎత్తు చెక్కలు బిగించాం. తలుపు వైపు ఒక అంగుళం వాలు కూడా ఇచ్చాం. నల్లరేగడి నేల ఉన్నవాళ్ళు ఆ మట్టి తీసేసి మొరం నింపకుండానే ఈ పాఠానికి వచ్చి ఉంటే, దయచేసి ఇక్కడ ఆగండి. వానకు ఉబ్బి ఎండకు బీటలు వారే మట్టి మీద ఎంత మంచి కాంక్రీట్ పోసినా నిలవదు.

ఈ పాఠమంతా దాదాపు నీళ్ళ గురించే. కలిపేటప్పుడు చేయి బిగబట్టాలి, పోసిన మర్నాటి నుంచి ధారాళంగా పొయ్యాలి. కొత్తవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. కొందరు పాత మేస్త్రీలూ అంతే.

ముందు సరుకు లెక్క. 10 x 8 అడుగుల నేల 4 అంగుళాల మందాన పోస్తే సుమారు 27 ఘనపుటడుగుల కాంక్రీట్ కావాలి. పొడి సరుకు తడిసి కుదించుకుపోతుంది కాబట్టి పొడిగా 41 ఘనపుటడుగులు పడుతుంది. మనం వాడేది ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్ళు. అంటే సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, ముప్పావు అంగుళం కంకర మూడు పాళ్ళు. ఈ లెక్కన సిమెంటు 6 బస్తాల పైచిలుకు వస్తుంది. చేత్తో కలిపేటప్పుడు పది శాతం సిమెంటు అదనంగా వేయడం ఆనవాయితీ కాబట్టి 7 బస్తాలు తెచ్చుకోండి. ఇసుక 12, కంకర 23 ఘనపుటడుగులు చాలు. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. మూడు నెలలు దాటిన సిమెంటు చవకగా ఇస్తామన్నా వద్దు. చేతిలో నలిపితే చితకని గడ్డలు తగిలాయంటే ఆ బస్తా వెనక్కి పంపాల్సిందే.

ఇసుక నదిదైనా రోబో ఇసుకైనా పరవాలేదు, మట్టి మాత్రం ఉండకూడదు. గాజు సీసాలో సగం దాకా ఇసుక వేసి, నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి, కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద సన్నని బురద పొర తేరుతుంది. ఇసుక మందంలో ఆ పొర ఎనిమిది శాతం దాటితే కడిగి వాడుకోవాలి, లేదా వేరే ఇసుక చూసుకోవాలి. సముద్రపు ఒడ్డు ఇసుక జోలికి అసలు పోవద్దు. అందులోని ఉప్పు చువ్వల్ని తినేస్తుంది.

కొలవడానికి పార లెక్క, తట్ట లెక్క పనికిరావు. ఒక్కో మనిషి పార ఒక్కోలా నిండుతుంది. ఫర్మా చేయించుకోండి. లోపలి కొలతలు 40, 35, 25 సెంటీమీటర్లు ఉన్న అడుగు కలిగిన చెక్కపెట్టె. అందులో 35 లీటర్లు పడుతుంది, 50 కిలోల సిమెంటు బస్తా పరిమాణం కూడా సరిగ్గా అంతే. ఒక బస్తాకు ఒకటిన్నర ఫర్మా ఇసుక, మూడు ఫర్మాలు కంకర. ఇంకో చిక్కుంది. చెమ్మగా ఉన్న ఇసుక పొంగి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఒక్కోసారి పాతిక శాతం దాకా. అంటే ఫర్మా నిండినట్టే కనిపించినా అసలు ఇసుక తక్కువ పడుతుంది. వాన తగిలిన ఇసుకైతే ఫర్మాకు పైన కాస్త గుట్టగా పొయ్యండి.

ఇనుప రేకు మీద ముందు ఇసుక, సిమెంటు పొడిగా కలపండి. ఎక్కడా తెల్ల చార, బూడిద చార కనిపించకుండా ఒకే రంగుకు వచ్చేదాకా తిరగెయ్యాలి. ఆ తర్వాత కంకర కలిపి, మధ్యలో గుంట చేసి నీళ్ళు పొయ్యాలి. చేత్తో కలిపేవాళ్ళు ఒక్కో విడతకు అర బస్తా మించవద్దు.

నీళ్ళు ఎన్ని? బస్తాకు 25 లీటర్లు. ఇసుకలో చెమ్మ ఉంటే అంతకంటే తక్కువ. బకెట్టు మీద గీత పెట్టుకుని కొలిచి పొయ్యండి, పైపుతో మాత్రం పొయ్యకండి. సిమెంటు గట్టిపడడానికి రసాయనికంగా పట్టుకునేది దాని బరువులో దాదాపు నాలుగో వంతు నీళ్ళే. మిగతావి మన చేతులకు పని తేలిక కావడానికి. ఆ మిగతావి తర్వాత ఆవిరైపోతాయి, అవి ఉన్న చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. బిగుసుగా ఉంది, తిరగడం లేదు అని అరబకెట్టు అదనంగా పోసినప్పుడల్లా ఆ రంధ్రాల్ని పెంచుతున్నామన్నమాట. కలిపిన ముద్ద దోసెపిండిలా జారకూడదు, గారెలపిండిలా నిలబడాలి. పార వెనక వైపుతో ఒక్కసారి అదిమి లాగితే పైభాగం నున్నగా మూసుకోవాలి, పక్కల నుంచి నీరు కారకూడదు.

ఇక పోత. ఎండాకాలంలో మధ్యాహ్నం మొదలుపెట్టొద్దు. తెల్లవారుజాము మేలు. వేడిగాలికి పైపొర ముందే ఆరిపోయి, లోపల ఇంకా పచ్చిగా ఉండగానే సన్నని పగుళ్ళు పడతాయి. సరుకంతా పక్కనే ఉండాలి, మనుషులు కనీసం ముగ్గురుండాలి. మధ్యలో ఆగి గంటల తర్వాత పోస్తే పాతది కొత్తదానితో అతుక్కోదు. చేతులకు రబ్బరు గ్లౌజులు, కాళ్ళకు గమ్‌బూట్లు తప్పనిసరి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, ఆ సంగతి సాయంత్రానికి గానీ తెలీదు.

తలుపుకు దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టండి. ఒక బస్తా కలిపితే సుమారు 13 చదరపు అడుగులు నిండాలి. మరీ ఎక్కువ నిండిందంటే మందం తగ్గిందని, తక్కువ నిండిందంటే మొరం ఎక్కడో కుంగిందని అర్థం. చువ్వల జాలీ వేసినవాళ్ళు దాన్ని కవర్ బ్లాకుల (జాలీని నేలకు ఆనకుండా ఎత్తి పట్టే చిన్న సిమెంటు దిమ్మల) మీదే ఉంచండి, ఇటుక ముక్కల మీద వద్దు. చెక్కల అంచుల వెంబడి చువ్వతో బాగా గుచ్చండి. బోలు మిగిలేది అక్కడే. తర్వాత రెండు వైపులా చెక్కల మీద ఆనేలా వంకర లేని పొడవాటి బద్ద పెట్టి, ఇద్దరు చెరో కొస పట్టుకుని, రంపం లాగినట్టు ముందుకు వెనక్కి ఆడిస్తూ మట్టం చెయ్యండి.

కాసేపటికి పైన పలచటి నీటి పొర తేలుతుంది. సరిగ్గా అప్పుడే చాలాచోట్ల పొడి సిమెంటు చల్లి తాపీతో నున్నగా రుద్దేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఏడాది తిరక్కుండా ఆ పొర పెచ్చులూడి, ఎంత ఊడ్చినా దుమ్ము లేస్తూనే ఉంటుంది. ఆ నీరు దానంతట అది ఆరేదాకా ఆగండి. అప్పుడు చెక్కతో రుద్ది, చివర మెత్తని చీపురుతో ఒకే దిశలో గీతలు లాగండి. తడి కాళ్ళతో నడిచినా జారదు. పది అడుగుల పొడవుకు సగంలో ఒక అంగుళం లోతు గాడి కూడా పెట్టండి. నేల ఎలాగూ పగలాలనుకుంటే ఆ గాడిలోనే పగులుతుంది.

వేలితో నొక్కితే గుర్తు పడనంత గట్టిపడగానే తడి గోనెసంచులు కప్పండి. మర్నాడు పక్క చెక్కలు తీసేసి, సన్నని మట్టికట్టలతో మళ్ళు కట్టి నీళ్ళు నిలపండి. మనం వాలు ఇచ్చాం కాబట్టి ఒకే మడి కడితే నీరంతా తలుపు వైపు చేరి, వెనక భాగం ఎండిపోతుంది. అడ్డంగా రెండు కట్టలు వేసి మూడు మళ్ళు చెయ్యండి.

ఎన్నాళ్ళు? బస్తా మీద చూడండి. ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు) అయితే మామూలు రోజుల్లో కనీసం 7 రోజులు, వేసవిలో 10 రోజులు. పీపీసీ (బూడిదలాంటి పొజొలానా కలిపిన సిమెంటు) అయితే 10 రోజులకు తగ్గకూడదు, 14 రోజులుంచడం మంచిది. కాంక్రీట్ పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 చెప్పే లెక్క ఇదే. మూడు రోజులు తడిపి, గట్టిగానే ఉందిగా అని వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఏడో రోజుకు వచ్చే బలం 28వ రోజు బలంలో మూడింట రెండు వంతులు మాత్రమే, అదీ రోజూ తడిగా ఉంచితేనే.

నేల మీద మర్నాటి నుంచి జాగ్రత్తగా నడవొచ్చు గానీ, బరువులు, మోటారు బండ్లు అప్పుడే ఎక్కించొద్దు. నాలుగో పాఠంలో ఇదే నేల మీద ఇనుప స్తంభాలు నిలబెడతాం. దానికి 10 ఎంఎం యాంకర్ బోల్టులు, డ్రిల్లు మెషీను, రసమట్టం కావాలి. తడిపే రోజులు పూర్తయ్యేదాకా డ్రిల్లు మాత్రం అద్దెకు తేవద్దు, ఊరికే అద్దె దండగ.