విజయవాడ భవానీ ద్వీపానికి పడవ ఎక్కేముందు

ముందు ఆకాశం చూడండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎండ మండిపోతుంది, సాయంత్రానికి ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. అందుకే చిన్నపిల్లలుంటే పొద్దున్నే వెళ్లి రావడం మేలు. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల సంగతి తెలుస్తుంది.

వానాకాలంలో మన ఊళ్లో చినుకు లేకపోయినా నమ్మొద్దు. ఎగువన పులిచింతల ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలితే ఇక్కడ కృష్ణ పెరుగుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంతదాకా ఆగకండి. నీళ్లు ఎర్రగా మారి గుర్రపుడెక్క కొట్టుకొస్తుంటే ఆ రోజుకి మానుకోండి.

లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. బకిల్ టక్‌మని పడాలి. తర్వాత పిల్లాడి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవుల దాకా వచ్చేస్తే అది వాడి సైజు కాదు, వేరేది అడగండి. ఉక్కపోస్తుందని పెద్దవాళ్లు విప్పేస్తారు, అదే నాకు భయం. 2017 నవంబరు 12న ఇదే నదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ ఘాట్ దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. జనం ఎక్కువైతే దిగిపోండి, టికెట్ డబ్బులు పోతే పోయాయి.

చివరి పడవ ఎన్నింటికో ముందే అడగండి. ద్వీపంలో ఉండగా మబ్బు పడితే పడవ కోసం పరుగెత్తకండి. చెట్ల కింద కాకుండా గట్టి కట్టడంలోకి వెళ్లి, ఉరుములు ఆగాక అరగంట ఆగండి.