మెటాలికా అరువు పాటలకు రిజిస్టర్ రాసుకోవడం ఎలా

మా ఇంట్లో బీరువా పై అరలో రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి ఉంటుంది. అట్ట మీద స్కెచ్ పెన్నుతో ‘అరువు పాటలు’ అని రాసుకున్నాను. అమెరికా హెవీ మెటల్ బ్యాండు మెటాలికా వేరేవాళ్ల పాటల్ని ఎప్పుడు, ఎక్కడ, ఏ రకంగా వాయించిందో అందులో లైను లైనుగా ఉంటుంది. మొన్న సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు దాన్ని తిరగేసి, “మావయ్యా, నేనూ ఇలాంటిది మొదలుపెడతాను, ఎలా రాయాలో చెప్పు” అన్నాడు. వాడు గిటారు నేర్చుకుంటున్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఈ అలవాటు నాకు 1999లో పట్టుకుంది. డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ణి. ఒక సీనియర్ దగ్గర ‘గ్యారేజ్ ఇంక్.’ ఆల్బమ్‌ని ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించుకున్నాను. లోపలి కాగితం మీద పాటల పేర్లు మాత్రమే రాసి ఉన్నాయి, ఏ పాట ఎవరిదో లేదు. రెండేళ్ల పాటు అవన్నీ మెటాలికా సొంత పాటలే అనుకున్నాను. 1982లో కాలిఫోర్నియాలో వాళ్ల తొలి ప్రదర్శనలు చూసినవాళ్లదీ నాలాంటి పరిస్థితే అని తర్వాత చదివాను. అప్పటికి వీళ్లకు సొంత పాటలు ఒకటో రెండో ఉన్నాయి. మిగతావి బ్రిటన్ బ్యాండ్ల పాటలు, అందులో ఎక్కువ డైమండ్ హెడ్‌వి. ఆ బ్యాండ్ల పేర్లు అక్కడి కుర్రాళ్లకు తెలియవు. అవి వేరేవాళ్ల పాటలని వీళ్లూ చెప్పలేదు.

నేను చేసేది లెక్కల ఉద్యోగం. ఏ ఎంట్రీకైనా వోచర్ ఉండాలి అన్న పట్టింపు అక్కణ్ణుంచే వచ్చింది. రిజిస్టర్‌లో మొదటి నియమం కూడా అదే: ఒక రికార్డింగుకు ఒకే లైను. ఆల్బమ్‌కి ఒక లైను చొప్పున రాస్తే లెక్క తప్పుతుంది. క్వీన్ వాళ్ల ‘స్టోన్ కోల్డ్ క్రేజీ’నే తీసుకోండి. ఎలెక్ట్రా కంపెనీ నలభై ఏళ్ల సందర్భంగా 1990లో వేసిన ‘రుబాయత్’ సంకలనం కోసం మెటాలికా దాన్ని వాయించింది. దానికి మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. అదే రికార్డింగు 1991లో ‘ఎంటర్ శాండ్‌మన్’ సింగిల్ (ఒక పాట కోసం వేసే చిన్న రికార్డు) వెనకవైపు వచ్చింది, 1998లో ‘గ్యారేజ్ ఇంక్.’లోకీ చేరింది. మూడు చోట్ల కనపడినా వాయించింది ఒక్కసారే కాబట్టి లైను ఒకటే. మిగతా రెండు చోట్లనూ ‘రిమార్కులు’ గడిలో రాయాలి.

గడులు ఎక్కువ పెట్టుకోవద్దు. పాట పేరు, రాసింది ఎవరు, వీళ్లు ఎవరి దగ్గర నేర్చారు, రికార్డు చేసిన తేదీ, బయటికి వచ్చిన తేదీ, స్టూడియోనా వేదికా, నిడివి, రిమార్కులు. ఇవి చాలు. రికార్డు చేసిన తేదీ, విడుదల తేదీ విడివిడిగా ఉండి తీరాలి. ఎందుకో రెండో డిస్క్ తీస్తే మీకే తెలుస్తుంది.

మొదలు పెట్టాల్సింది అక్కడే, ‘గ్యారేజ్ ఇంక్.’ రెండో డిస్క్‌తోనే. 1998 నవంబరులో వచ్చిన ఈ ఆల్బమ్‌లో మొత్తం 27 ట్రాకులు. మొదటి డిస్క్‌లోని పదకొండూ దాదాపు అన్నీ ఆ ఏడాది కొత్తగా వాయించినవి. రెండో డిస్క్‌లోని పదహారూ అంతకు ముందు పద్నాలుగేళ్లలో సింగిల్స్ వెనకవైపుల్లో, చిన్న రికార్డుల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నవి. అయితే వరస తేదీల ప్రకారం లేదు. 1987 నాటి ఐదు పాటలు ముందు వస్తాయి, 1984 నాటి ‘యామ్ ఐ ఈవిల్?’, ‘బ్లిట్జ్‌క్రీగ్’ వాటి తర్వాత వస్తాయి. డిస్క్ వరసలోనే వింటే డ్రమ్ముల చప్పుడు, గొంతు వయసు ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టు ఉంటుంది. 1984 పాటలు ముందు రాసుకుని, ఆ తర్వాత 1987వి, 1988వి, 1990-91వి రాస్తూ పోతే గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతు ఏడాదికేడాది బరువెక్కడం చెవికి తెలుస్తుంది.

ఆ 1987 నాటి ఐదు పాటల దగ్గర కాస్త ఆగండి. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో బాస్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఆ చోటుకు జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. అతనితో బ్యాండు చేసిన మొదటి రికార్డు ఇది. డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిక్ ఇంటి గ్యారేజీలో సాధన చేసి, లాస్ ఏంజెలెస్ స్టూడియోలో ఆరు రోజుల్లో ముగించారు. షాపులవాళ్లు ఎక్కువకు అమ్మకుండా ‘ది $5.98 ఇ.పి.’ అని ధరను పేరులోనే పెట్టేశారు. వినేటప్పుడు చెవి బాస్ మీద పెట్టండి. స్పష్టంగా, గరుగ్గా వినపడుతుంది. మరుసటి ఏడాది వచ్చిన సొంత ఆల్బమ్‌లో అదే మనిషి బాస్ వెతుక్కోవాల్సినంత సన్నగిల్లిపోయింది. కొత్తగా వచ్చినవాడు ఏం వాయించగలడో తెలుసుకోవాలంటే మన దగ్గరున్న వోచర్లు ఈ ఐదు అరువు పాటలే. నాకు ఈ రికార్డు మీద ప్రత్యేకమైన ప్రేమ. మిస్‌ఫిట్స్ పాటలు రెండు కలిపి వాయించిన చివరి ట్రాకు అయిపోయాక కూడా ఆపకండి. ఐరన్ మెయిడెన్ పాట ఒకటి కావాలని అపశ్రుతిలో మొదలుపెట్టి వదిలేస్తారు. అది కూడా నా పుస్తకంలో ఒక ఎంట్రీయే.

ఇంకొక జాగ్రత్త. ఈ రికార్డు బ్రిటన్‌లో వచ్చినప్పుడు కిల్లింగ్ జోక్ వాళ్ల ‘ది వెయిట్’ తీసేసి నాలుగు పాటలతోనే వచ్చింది. మీ చేతిలో ఉన్న ప్రతిలో నాలుగే ఉంటే అది నకిలీదని అనుకోవద్దు.

ఇక ‘ఎవరి దగ్గర నేర్చారు’ అనే గడి. ‘రాసింది ఎవరు’ ఉండగా ఇది దేనికని మా వాడు అడిగాడు. దీని అవసరం ‘విస్కీ ఇన్ ద జార్’ దగ్గర తెలుస్తుంది. అది ఐర్లండ్ జానపదం, రాసిన మనిషి పేరు లేదు. 1967లో డబ్లినర్స్ పాడారు. 1972లో థిన్ లిజీ దాన్ని రాక్ పాటగా మార్చింది. మెటాలికా ఎవరిది విని నేర్చింది? దారి దోపిడీ దొంగ దోచిన డబ్బు పట్టుకెళ్లి ఇచ్చే అమ్మాయి పేరు వినండి. డబ్లినర్స్ పాటలో జెన్నీ, థిన్ లిజీ పాటలో మాలీ. మెటాలికా పాటలోనూ మాలీయే. పైగా పాటను నడిపే ఆ గిటారు వరస థిన్ లిజీలో ఎరిక్ బెల్ కట్టింది. జానపదంలో అది లేదు. అంటే రాసింది ‘జానపదం’, నేర్చింది ‘థిన్ లిజీ’. ఈ పాటకే మెటాలికాకు 2000లో ఇంకో గ్రామీ వచ్చింది.

పడక సీను పద్యాలు మనవాళ్లు ఎంతమంది కృష్ణుల నోట వినలేదు! పద్యం ఒకటే అయినా రాగం తీసే తీరుని బట్టి ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లు చెప్పేసేవారు. ఇక్కడ మనం చేస్తున్నదీ ఆ పనే.

‘స్టూడియోనా వేదికా’ గడిలో నేను మూడు గుర్తులు వాడతాను: స్టూడియోకి ‘స్టు’, జనం ముందు అయితే ‘వే’, జనం లేకుండా గదిలో అందరూ ఒకేసారి వాయిస్తే ‘గ’. మూడోది లేకపోతే 1995 నాటి నాలుగు మోటర్‌హెడ్ పాటలు ఎక్కడ పెట్టాలో తెలియదు. మోటర్‌హెడ్ గాయకుడు లెమీ యాభయ్యో పుట్టినరోజుకు వెస్ట్ హాలీవుడ్‌లోని విస్కీ ఎ గో గో క్లబ్బులో, అందరూ లెమీ వేషాలు వేసుకుని వాయించారు. ఆ రోజుల్లోనే సాధనగా వాయించి రికార్డు చేసుకున్నవి ఈ నాలుగూ. స్టూడియో మెరుగు ఉండదు, చప్పట్లూ ఉండవు. అలాగే లినర్డ్ స్కినర్డ్ వాళ్ల ‘ట్యూస్‌డేస్ గాన్’ కొత్త పాటల డిస్క్‌లో ఉంది కదా అని ‘స్టు’ రాసేయొద్దు. అది 1997 డిసెంబరులో రేడియో కార్యక్రమంలో వాయించింది. చుట్టూ స్నేహితులు కూర్చుని వాయిస్తున్న ఆ సందడి పాట పొడవునా ఉంటుంది. స్కినర్డ్ అసలు గిటారిస్టు గ్యారీ రాసింగ్టన్ కూడా ఆ రోజు వాళ్లతో కలిసి వాయించాడు. పాట సొంతదారుడు వచ్చి కూర్చుంటే రిమార్కుల్లో ఎర్ర ఇంకుతో రాస్తాను.

కచేరీ టేపు మొదట్లో వినపడే, ఇటలీ సినిమా సంగీత దర్శకుడు మోరికోనే సంగీతం సంగతి చాలామంది అడుగుతారు. 1983 నుంచీ వేదిక ఎక్కే ముందు వాళ్లు దాన్ని వేస్తున్నారు. ఊరికే టేపు వేస్తే నా పుస్తకంలో ఎంట్రీ లేదు. 2007లో మోరికోనేకి కానుకగా వచ్చిన సంకలనం కోసం వాళ్లే గిటార్లతో వాయించారు, అది మాత్రం ఎంట్రీ.

ఇప్పుడు అసలు పని, వినడం. ప్రతి పాటనూ మూడు సార్లు ఒకే కూర్చోవడంలో వినాలి: అసలుది, మెటాలికా స్టూడియోది, మెటాలికా వేదికది. మూడూ మొదటి నుంచి చివరిదాకా వింటే చెవి అలిసిపోతుంది. ఒక చోటు ఎంచుకుని, దాన్నే మూడింట్లోనూ వినండి. ‘యామ్ ఐ ఈవిల్?’లో నేను ఎంచుకున్నది మొదటి నిమిషం. డైమండ్ హెడ్ 1980 రికార్డులో అది కవాతులా మొదలవుతుంది, దానికి మూలం ఇంగ్లండ్ స్వరకర్త హోల్స్ట్ ‘మార్స్’ సంగీతం. తర్వాత గొంతు ఎత్తుకునే చోట షాన్ హారిస్ పైస్థాయిలో, విలాసంగా పాడతాడు. 1984లో మెటాలికా అదే కవాతును మందమైన గోడలా నిలబెట్టింది. హెట్‌ఫీల్డ్ పాడడం లేదు, గద్దిస్తున్నాడు. మూడోది 2010 జూన్ 22న బల్గేరియాలోని సోఫియాలో మెటాలికా, మెగాడెత్, ఆంత్రాక్స్ సభ్యులు, స్లేయర్ డ్రమ్మర్ డేవ్ లాంబార్డో ఒకే వేదిక మీద వాయించింది. అంతమంది కలిసేసరికి అంచులు మొద్దుబారాయి. అయినా డైమండ్ హెడ్ రాసుకున్న ఆ పాట అంత పెద్ద మైదానాన్ని నింపేసింది. మరుసటి ఏడాది డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్మోర్‌లో బ్యాండు ముప్పయ్యేళ్ల పండగకు, ఆ పాట కట్టిన బ్రయన్ టాట్లర్‌నే పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. 1981లో లార్స్ ఇంగ్లండ్ వెళ్లి ఈ టాట్లర్ ఇంట్లోనే ఉన్నాడు. అప్పు తిరిగి కట్టినట్టు ఉంటుంది నాకు ఆ ఎంట్రీ చూసినప్పుడల్లా.

‘బ్రెడ్‌ఫ్యాన్’ కూడా ఇలాగే వినొచ్చు. బడ్జీ 1973, మెటాలికా 1988, ఆ మరుసటి ఏడాది సియాటిల్ వేదిక. సియాటిల్‌ది ‘లైవ్ షిట్’ అనే 1993 పెట్టెలో ఉంది.

వేదిక రికార్డింగుల దగ్గర నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. 2001లో ఒక స్నేహితుడు కచేరీ టేపు ఇచ్చాడు. ఇంట్లో గిటారు పట్టుకుని మిస్‌ఫిట్స్ పాట ‘లాస్ట్ కరెస్’ కలిపి వాయించబోతే శ్రుతి కలవలేదు. మూడు రాత్రులు కూర్చున్నాను. టేపు ప్లేయర్ బెల్టు సాగి నెమ్మదిగా తిరుగుతోందని తేల్చుకుని రిజిస్టర్‌లో ‘టేపు స్లో’ అని రాశాను. కొత్త బెల్టు వేయించినా కలవలేదు. తొంభైల మధ్య నుంచి మెటాలికా వేదిక మీద గిటార్లన్నీ అర శ్రుతి తగ్గించి, అంటే ఒక ఫ్రెట్ (గిటారు మెడ మీది మెట్టు) కిందికి పెట్టి వాయిస్తోంది. ఆ సంగతి అప్పుడు తెలియదు. ఆ ఎంట్రీకి అడ్డగీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాను, ఇప్పటికీ ఉంది.

మీరు ఇలా పరీక్షించండి. పాట నడుస్తుండగా ముప్పై సెకన్ల పాటు తాళం లెక్కపెట్టి రెండుతో గుణించండి. అసలుదానితో పోలిస్తే వేగమూ శ్రుతీ రెండూ ఒకే పాళ్లలో తగ్గితే టేపుని అనుమానించండి. శ్రుతి మాత్రం తగ్గి వేగం అలాగే ఉంటే, లేదా పెరిగితే, బ్యాండే గిటార్లు దించింది. అప్పుడు ఆరు తీగలనూ అర శ్రుతి దించి మళ్లీ వాయించి చూడండి.

2004 నుంచి మెటాలికా తన కచేరీల రికార్డింగులను తానే అమ్ముతోంది కాబట్టి ఆ తర్వాతి తేదీలు తేలిక. వాటిలో ఒక రకానికి వేరే పేజీ తెరవండి. కొత్త ఊరికి వెళ్లినప్పుడు గిటారిస్టు కిర్క్ హామెట్, బాసిస్టు రాబర్ట్ ట్రుహీయో ఇద్దరే ముందుకొచ్చి ఆ ఊరివాళ్ల పాట ఒకటి అందుకుంటారు. 2018 ఏప్రిల్‌లో ప్రాగ్‌లో చెక్ పాట ‘యోజిన్ జ్ బాజిన్’ ఎత్తుకోగానే హాలంతా గొంతు కలిపింది. వీటికి స్టూడియో జోడీ ఉండదు, ఇంకోసారి వాయిస్తారనీ లేదు. తేదీ, ఊరు మాత్రం తప్పకుండా రాయండి.

పాటకూ పాటకూ మధ్య కనీసం నాలుగు గీతలు ఖాళీ వదలండి. నేను రెండే వదిలాను. ‘యామ్ ఐ ఈవిల్?’ కింద చోటు చాలక రెండు చీటీలు బంకతో అతికించాల్సి వచ్చింది, ఇప్పుడు మూడోది అతికించాలి.